సరమ ఫిర్యాదు, సింగరేణి క్వార్టర్లు

మహాభారతం మొదట్లోనే ఒక కుక్క ఫిర్యాదు వినిపిస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఓ కుక్కపిల్ల వస్తే, రాజుగారి తమ్ముళ్ళు దాన్ని కొట్టి తరిమారు. దాని తల్లి సరమ నేరుగా రాజు దగ్గరకే వెళ్ళి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడిగింది. జవాబు రాలేదు. శాపమిచ్చి వెళ్ళిపోయింది. ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన శునకాన్ని అందరూ తలుచుకుంటారు గానీ, నాకు మాత్రం ఈ సరమే ఎక్కువగా గుర్తొస్తుంది. వీధికుక్కల చరిత్ర తిరగేస్తే ప్రతి పుటలోనూ జవాబు దొరకని ఆ సభే కనిపిస్తుంది మరి.

1832లో బొంబాయిలో వీధికుక్కల్ని చంపమని కంపెనీ ప్రభుత్వం ఉత్తర్వు వేసి, తలకు ఎనిమిదణాలు బహుమానం పెట్టింది. డబ్బుకు ఆశపడ్డ బంట్రోతులు పెంపుడు కుక్కల్ని కూడా ఇళ్ళలోంచి ఈడ్చుకుపోసాగారు. కుక్కను పవిత్రంగా చూసే పారశీకులు జూన్ 6న అంగళ్ళు మూసి వీధికెక్కారు. మద్రాసు నగరపాలక సంస్థ కూడా పందొమ్మిదో శతాబ్దం నుంచి 1990ల దాకా చంపుతూనే వచ్చింది. కుక్కలు తగ్గలేదు. చెత్తకుప్పలో తిండి ఉన్నన్నాళ్ళూ, చచ్చినదాని చోటు పక్కవీధి కుక్కది. 1959లో ఏర్పడ్డ బ్లూక్రాస్ సంస్థవారు గర్భనిరోధక శస్త్రచికిత్సే దారి అని మొత్తుకోగా, మొత్తుకోగా, మూడు దశాబ్దాల తర్వాత గాని నగరం ఒప్పుకోలేదు.

అన్నట్టు, మా తరంవాళ్ళకు కుక్కకాటు అంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలీలో గొర్రె మెదడు నుంచి రూపొందించిన టీకా అది. దాని తయారీ మన దేశంలో 2004 చివరిదాకా సాగింది. ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులతో సరి. కానీ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మాత్రం నాటికీ నేటికీ మందు లేదు.

ఇక మా బొగ్గుబావుల సంగతి. రామగుండం ప్రాంతంలో సింగరేణి గనులు 1960ల ఆరంభంలో మొదలయ్యాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన జనంతో గోదావరిఖని ఊరైంది. పల్లెలో కుక్క వాడ మొత్తానిది. ఒక ఇంట గట్క, మరో ఇంట మెతుకులు తిని, అందరి వాకిళ్ళూ కాసేది. క్వార్టర్లలో అలా కాదు. అక్కడ కుక్క ఒక నంబరుది. రాత్రి షిఫ్టుకు పోయే మనిషి ఇంట్లో ఆడవాళ్ళకూ పిల్లలకూ తోడని పెంచుకునేవాడు. మంచి ఆలోచనే. అయితే క్వార్టరు కంపెనీది, కుక్క తనది. రిటైరైన నాడు మంచాలూ బీరువాలూ లారీ ఎక్కుతాయి, తాళంచెవి ఆఫీసుకు పోతుంది. కుక్క అరుగు మీద మిగులుతుంది!

ఇది ఒకటి రెండు ఇళ్ళ ముచ్చట కాదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కల ఉన్నారు. అంటే మూడు దశాబ్దాలలో ఎన్ని వేల క్వార్టర్లు చేతులు మారాయో, ఎన్ని ఖాళీ అయ్యాయో ఊహించుకోండి. యైటింక్లైన్ కాలనీ వైపు అర్ధరాత్రి సైకిలు తొక్కుకుంటూ వచ్చే మనిషి వెంటపడ్డ గుంపుల్ని నేను చూశాను. జనం 'మునిసిపాలిటీ ఏం చేస్తోంది' అంటారు. ఆ గుంపులో తమ వరుస ఇళ్ళదే ఒకటి ఉందని ఎవరూ అనరు.

చట్టానికి ఈ సంగతి తెలియక కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేసిపోవడం నేరమే. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆనాడు యాభై అంటే చిన్న మొత్తమేం కాదు. ఇంకా అదే అంకె ఉండటమే విడ్డూరం. అదే చట్టం వీధికుక్కల్ని చంపడానికీ వీలు వదిలింది. 2001 నిబంధనలు వచ్చాకే కుక్కల్ని పెంపుడువి, వీధివి అని రెండుగా చూశారు. పెంపుడు కుక్కకు టీకా, లైసెన్సు, పిల్లల నియంత్రణ యజమాని పని. వీధికుక్కకు శస్త్రచికిత్స చేయించి, టీకా వేసి, పట్టినచోటే వదలడం స్థానిక సంస్థల, జంతుసంక్షేమ సంస్థల పని. బాగానే ఉంది. కానీ నిన్న పెంపుడుదై నేడు వీధిదైన కుక్క ఎవరి లెక్కలోకి వస్తుంది? మెడలోని పట్టీ తెగితే యజమాని పేరు కూడా తెగిపోతోంది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో కుక్కల గుంపు నాలుగేళ్ళ బాలుణ్ణి చంపింది. తండ్రి అక్కడే కాపలా ఉద్యోగి. ఆ ఘోరం ముందు జంతుప్రేమ గురించి ఉపన్యాసాలివ్వడానికి నాకు నోరు రాదు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు కుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమన్న సుప్రీంకోర్టు, అదే నెల 22న, టీకా, శస్త్రచికిత్స చేసి తిరిగి వదలమంది. జబ్బుపడినవీ కరిచే స్వభావం ఉన్నవీ మినహాయింపు. రెండు ఉత్తర్వుల మీదా దేశమంతా వాదించుకుంది. కుక్కలెక్కడుండాలి అన్నదే అందరి ప్రశ్న. అవి వీధిలోకి ఎవరింటి నుంచి వచ్చాయన్న ప్రశ్న ఆ రొదలో ఎక్కడా గట్టిగా వినబడలేదు.

మా దగ్గర క్వార్టరు అప్పగించే రోజున ఫ్యాన్లు, స్విచ్చులు, తలుపు గడియలు చూసి రాసుకుంటారు. ఆ కాగితంలో కుక్కకు గడి లేదు.