బస్సు లెక్కకు డబ్బు ముడిపెట్టిన దేశం

అమెరికాలో ఏ నగరంలో సిటీ బస్సులు ఏడాదికి ఎన్ని మైళ్ళు తిరిగాయో, ఎందరు ఎక్కారో, వాటిని నడపడానికి ఎంత ఖర్చయిందో ఎవరైనా సరే ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. నేషనల్ ట్రాన్సిట్ డేటాబేస్ అనే ఈ ఖాతాను ఫెడరల్ ప్రభుత్వం నడుపుతుంది. చెన్నై సౌకార్‌పేటలో మనవాళ్ళకు ఈ సంగతి చెబితే ‘కలిగిన దేశం, రాసుకుంటారు’ అనిపించడం సహజం. కానీ ఈ ఖాతా పుట్టింది రవాణా కంపెనీలు దివాలా తీసిన రోజుల్లో. సర్కారు సొమ్ము కావాలంటే అందరూ ఒకే కొలతతో లెక్క చెప్పాలన్న షరతే దాన్ని పుట్టించింది, ఇంతకాలం బతికించింది. చెన్నై అమెరికా నుంచి నేర్చుకోదగ్గది ఆ షరతేనని నా వాదన.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా ట్రాములు, ఆ తర్వాత బస్సులు చాలావరకు ప్రైవేటు కంపెనీల చేతిలో ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకూ టైర్లకూ రేషన్ పెట్టడంతో జనం వాటి మీద విరగబడ్డారు. 1946లో దేశమంతా కలిపి 2,300 కోట్లకు పైగా ప్రయాణాలు జరిగాయి. ఆ తర్వాత కార్లు పెరిగాయి, ఇళ్ళు ఊరి పొలిమేరలు దాటాయి, 1956 చట్టంతో పెద్ద హైవేలు వచ్చాయి. 1972 నాటికి ఆ సంఖ్య దాదాపు 660 కోట్లకు పడిపోయింది. మద్రాసులో 1895లో మొదలైన ట్రాము 1953లో ఆగిపోయిన కాలంలోనే అమెరికాలోనూ ఊరి తర్వాత ఊరిలో పట్టాలు పీకేశారు. నష్టాల్లో మునిగిన కంపెనీలను నగరాలే తీసుకోవాల్సి వచ్చింది. 1964లో అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం బస్సులు, రైలు పెట్టెలు కొనడానికి సాయం అందించింది. జీతాలకు, డీజిలుకు మాత్రం పైసా ఇవ్వలేదు.

ఆ మెట్టు 1974 నవంబరులో ఎక్కారు. అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో వచ్చిన చట్టం తొలిసారి నడిపే ఖర్చుకూ సాయం ఇచ్చింది. దాని 15వ సెక్షను సాయం పొందే ప్రతి సంస్థా ఒకే పద్ధతిలో ఖాతాలు రాసి నివేదించాలంది. అప్పటిదాకా ఒక ఊళ్ళో బస్సు మారినవాణ్ణి ఒకసారి లెక్కిస్తే, ఇంకో ఊళ్ళో రెండుసార్లు లెక్కించేవారు. మన కొత్వాల్ చావిడి మార్కెట్లో ఒక భాగస్తుడు సరుకును బస్తాల్లో, మరొకడు కిలోల్లో రాసుకుంటే ఏడాది చివర లాభం పంచుకోగలరా? అందుకే ముందు కొలతలు ఖరారు చేశారు. వాహనం ఎక్కిన ప్రతిసారీ ఒక ప్రయాణం. ప్రయాణికుడు బండిలో సాగిన దూరం వేరే లెక్క. ప్రయాణికుల కోసం బండి తిరిగిన మైళ్ళు ఒక పద్దు, డిపోకు ఖాళీగా పోయిన మైళ్ళు ఇంకో పద్దు. 1979 నాటి నివేదికలతో ఈ ఖాతా మొదలైంది. 1982 చట్టం ఆ అంకెలనే నిధుల పంపకపు సూత్రంలో పెట్టింది. అప్పట్నుంచి తప్పుడు అంకె రాస్తే నష్టపోయేది పక్క ఊరు. కాబట్టి ఒకరి లెక్క మీద ఇంకొకరికి ఆసక్తి పుట్టింది.

డబ్బుతో ముడిపెడితే అంకెలు పెంచి రాయరా, ఖాళీ బస్సులు తిప్పరా అన్నది మొదటి అభ్యంతరం. అది నిజమైన ప్రమాదమే. బస్సు నిధుల సూత్రంలో తిరిగిన మైళ్ళకు పెద్ద వాటా ఉంది. అయితే జనాభా, జనసాంద్రత కూడా అందులో ఉన్నాయి. ప్రయాణికుల మైళ్ళను ఖర్చుతో పోల్చి ఇచ్చే ప్రోత్సాహక భాగమూ ఉంది. దూరాల అంచనాకు నమూనాలు ఎలా తీయాలో, తేడా ఎంతవరకు ఉండొచ్చో నియమాలు చెబుతాయి. సంస్థ పెద్ద అధికారి లెక్కకు పూచీ పడాలి. ఖాళీ బస్సును ఈ ఏర్పాటు పూర్తిగా ఆపలేదు గానీ, దాన్ని ఖాతాలో కనబడేలా చేసింది. ఏ కొలతా లేకుండా పలుకుబడిని బట్టి నిధులు పంచే పద్ధతిలో ఆ పాటి వెలుగు కూడా ఉండదు.

ఇంత రాసుకున్నా అమెరికన్లు కార్లు వదిలారా అన్నది రెండో ప్రశ్న. వదల్లేదు. లెక్క ప్రయాణికుణ్ణి తేలేదు. ఆపద వచ్చినప్పుడు సాయాన్ని త్వరగా చేర్చగలదు. 2020లో కరోనాతో బస్సులు, రైళ్ళు ఖాళీ అయినప్పుడు కాంగ్రెస్ మార్చి నెలాఖరులో 2,500 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఏప్రిల్ మొదటి రోజుల్లోనే ఏ ప్రాంతానికి ఎంతో ప్రకటించగలిగారు. కొత్త సర్వే అక్కర్లేకపోయింది. సూత్రం సిద్ధంగా ఉంది, అంకెలు ఖాతాలో ఉన్నాయి.

మన ఊళ్ళో సగం ప్రయాణం షేర్ ఆటోల్లో, కాలినడకన సాగుతుంది, దాన్నెవరు లెక్కిస్తారు అన్నది సౌకార్‌పేట వాళ్ళు తప్పక అడిగే మాట. బస్సు దూరలేని సందులున్న పేటకు అది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు అమెరికా ఖాతాలోనే ఉంది. ప్యూర్టో రికోలో సొంతదారులు నడుపుకునే ‘పబ్లికో’ వ్యాన్లున్నాయి. మన షేర్ ఆటోలకు దగ్గరి చుట్టాలు. వాటిని ఆ ఖాతా ప్రత్యేక వాహన రకంగా గుర్తించింది. చిన్నవాళ్ళ బళ్ళు లెక్కకు అందవన్న మాటకు అక్కడే ఆధారం పోయింది. నడకకు వేరే సర్వే కావాలి. మన 2011 జనగణన పనికి ఎలా వెళ్తారని అడిగి ఆ దారి తెరిచింది కూడా.

నిజానికి లెక్కకు డబ్బు ముడిపెట్టడం మనకూ మొదలైంది. 2021 మే నుంచి తమిళనాడు సాధారణ సిటీ బస్సుల్లో, 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. ఆ ప్రయాణాల భారం ప్రభుత్వం మోయాలంటే టిక్కెట్టు ధర సున్నా అయినా దాన్ని కొట్టి లెక్క పెట్టాల్సిందే. లోపమల్లా అందరికీ ఒకే కొలత లేకపోవడం. తాంబరంలో లోకల్ ఎక్కి పార్కు స్టేషన్లో దిగి, మింటు వైపు బస్సు పట్టుకున్న మనిషి రైల్వేకు ఒక అంకె, సిటీ బస్సుల సంస్థ ఎం.టి.సి.కి ఇంకో అంకె. మెట్రో ఎక్కితే మూడో పుస్తకంలో పడతాడు. ఈ సంస్థలను ఒక తాటిమీదికి తేవడానికి చెన్నై ఏకీకృత మహానగర రవాణా సంస్థ (కుమ్టా) కోసం 2010లో చట్టం చేశారు. కుమ్టా మొదట చేయాల్సిన పని ప్రయాణం అంటే ఏమిటో, మైలు అంటే ఏమిటో అందరి చేతా ఒప్పించి, షేర్ ఆటోలను కూడా అందులో చేర్చి, ఏటా అచ్చువేయడం. ఆ అంకెల్ని బట్టే నిధులివ్వడం రెండోది. మొదటిది చేసి రెండోది వదిలేస్తే మరో నివేదిక బీరువాలో చేరుతుంది. రెండూ చేస్తే, తమ పేటకు బస్సు ఎందుకు తక్కువని అడిగేవాళ్ళ చేతిలో ఆధారం ఉంటుంది, జవాబు చెప్పే అధికారి కూడా ఆ ఆధారాన్నే తెరవాల్సి వస్తుంది.