వార్డులో ఉండే డాక్టరు



ఆనేకల్‌లో ఒక పెళ్లి పందిట్లో విన్న మాటతో మొదలుపెడతాను. హోసూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "మా మనవడు అమెరికాలో హాస్పిటలిస్టప్పా" అన్నాడు. పక్కనున్నాయన కాసేపు ఆలోచించి, "డాక్టరన్నాక ఆసుపత్రిలో కాక ఇంకెక్కడ ఉంటాడప్పా?" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దాయన దగ్గర జవాబు లేదు. ప్రశ్న మాత్రం నవ్వి వదిలేసేది కాదు.

మన వైపు పెద్దాసుపత్రి అంటే చాలాకాలం బెంగళూరు విక్టోరియా ఆసుపత్రే. 1897లో శంకుస్థాపన జరిగి, 1900 డిసెంబరులో లార్డ్ కర్జన్ చేతుల మీదుగా ప్రారంభమైంది. 1955లో బెంగళూరు వైద్య కళాశాల వచ్చాక అది బోధనాసుపత్రి అయింది. ఇటువంటి ఆసుపత్రుల్లో యూనిట్ పద్ధతి ఉంటుంది. ఒక పెద్ద డాక్టరు, ఆయన కింద సహాయకులు, పై చదువుల విద్యార్థులు, హౌస్ సర్జన్లు. సోమవారం చేరిన రోగి సోమవారం యూనిట్‌కు చెందుతాడు. రోగి డాక్టరును ఎంచుకోడు కానీ, రాత్రి రెండు గంటలకైనా ఆ యూనిట్ మనిషి ఎవరో ఒకరు అందుతారు. ఇంగ్లండులోనూ 1948లో జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడ్డాక వీధి డాక్టరు వీధిలోనూ, ఆసుపత్రి డాక్టరు ఆసుపత్రిలోనూ ఉండే ఏర్పాటు స్థిరపడింది.

అమెరికా దారి వేరు. అక్కడ కుటుంబ వైద్యుడే తన రోగి వెంట ఆసుపత్రికి వెళ్లేవాడు. పొద్దున్నే వార్డులు చూసి, పగలంతా తన క్లినిక్‌లో కూర్చుని, సాయంత్రం మళ్లీ వచ్చేవాడు. రోగి తాతముత్తాతల జబ్బులు కూడా ఆయనకు తెలుసు. అది గొప్ప సుఖం. కానీ పదకొండు గంటలకు జ్వరం పెరిగితే నిర్ణయం సాయంత్రం దాకా ఆగేది.

1983లో అక్కడి ప్రభుత్వం వృద్ధుల వైద్య బీమాలో లెక్క మార్చింది. ఎన్ని రోజులు పడుకున్నా సరే, జబ్బును బట్టి ఆసుపత్రికి ఒక నిర్ణీత మొత్తం మాత్రమే ఇస్తామంది. దానితో ఒక రోజు ఆలస్యమంటే ఆ నష్టం ఆసుపత్రి మీదే పడింది. కొద్దిపాటి జబ్బుల వాళ్లు ఇంటికి పోగా, మంచాల మీద మిగిలినవాళ్లు బాగా జబ్బుపడినవాళ్లు. రోజుకు రెండుసార్లు వచ్చి చూసిపోతే సరిపోయే రోగులు కారు వాళ్లు.

1996 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ అనే ఇద్దరు వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వ్యాసం రాశారు. వార్డునే తన పనిచోటుగా పెట్టుకున్న వైద్యుడికి 'హాస్పిటలిస్ట్' అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే వీళ్లకు ఒక సంఘం ఏర్పడింది. కుటుంబ వైద్యుల్లో కొందరు మా రోగిని మా చేతుల్లోంచి లాక్కుంటారా అని కోపగించారు. ఆ కోపంలో న్యాయం లేదని నేననను. అయినా 2016లో ఆ ఇద్దరే మళ్లీ లెక్క వేసేసరికి ఇటువంటి వైద్యులు 50,000 దాటారు. గుండె వైద్యులు అప్పటికి సుమారు 22,000.

దీనిలో ఒక విచిత్రం ఉంది. గుండె డాక్టరు, కంటి డాక్టరు అంటే అవయవాన్ని బట్టి వచ్చిన పేర్లు. పిల్లల డాక్టరు అంటే వయసును బట్టి. హాస్పిటలిస్ట్ అన్నది చోటును బట్టి వచ్చిన పేరు. చదువు చాలామందికి అదే జనరల్ మెడిసిన్.

మన తెలుగు పిల్లలు ఈ పనిలో కనబడడానికి కారణం ఉంది. శిక్షణ వీసా మీద వెళ్లిన వైద్యుడు చదువయ్యాక రెండేళ్లు స్వదేశానికి తిరిగి రావాలి. అయితే డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఆ షరతు సడలించే చట్టం 1994లో వచ్చింది. చిన్న ఊళ్ల ఆసుపత్రులకు కావలసింది వార్డు డాక్టరే. ఏడు రోజులు వరుసగా పని, ఏడు రోజులు విడుపు అన్నది అక్కడ బాగా వాడుకలో ఉన్న పద్ధతి. పెద్దాయన మనవడు ఎనిమిదో రోజు మంచాలన్నీ మరొకరికి అప్పగించి పోతాడన్నమాట. ఆ అప్పగింతలో ఒక్క మాట జారినా రోగికే ముప్పు.

ఇక మన ఆనేకల్ తాలూకా. 2000లో బొమ్మసంద్రలో డాక్టర్ దేవి శెట్టి నారాయణ హృదయాలయ స్థాపించారు. జీతం మీద పూర్తికాలం అక్కడే పనిచేసే డాక్టర్లు ఆ ఆసుపత్రికి ఆధారం. కానీ మన చుట్టుపక్కల చిన్న నర్సింగ్ హోముల్లో చాలావరకు పెద్ద డాక్టర్లు వచ్చి చూసి పోయేవాళ్లే. రాత్రికి మిగిలేది డ్యూటీ డాక్టరు.

మా పెదనాన్నను అటువంటి ఒక చోట చేర్చాము. అర్ధరాత్రి ఆయాసం వచ్చింది. డ్యూటీ డాక్టరు చిన్న కుర్రవాడు, ఆయనను చూడడం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే ఆ రాత్రి కాపాడింది అతనే. పొద్దున గుండెకు ఒకరు, కిడ్నీకి ఒకరు, షుగరుకు ఒకరు వచ్చి ఎవరి మందులు వాళ్లు రాసి వెళ్లారు. నాలుగో రోజు ఇంగ్లీషులో రాసిన డిశ్చార్జి కాగితం చేతికిచ్చి పంపారు. మా పెద్దమ్మ దాన్ని మడిచి ఆనేకల్‌లోని మా పాత డాక్టరుగారి దగ్గరికి తెచ్చింది. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. వేర్వేరు పేర్లతో ఉన్న రెండు మాత్రలు చూపించి, "ఈ రెండూ ఒకే మందమ్మా" అని ఒకటి కొట్టేశారు. "మొత్తం కాగితం కలిపి చూసిన డాక్టరెవరు?" అని అడిగారు. పెద్దమ్మ నా వంక చూసింది. నేనూ చెప్పలేకపోయాను.