తుపాకి మందుకు కొలత చెప్పిందెవరు?

రాయవేలూరు అనగానే మీకు కందకం నడుమ నిలిచిన రాతికోట గుర్తుకొస్తుంది. అక్కడినుంచి పడమరగా గుడియాత్తం దాటితే పలమనేరు కొండలు కనిపిస్తాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇదంతా ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. కోటలోనూ తుపాకి ఉండేది, కొండకింది చేలలోనూ ఉండేది. రెండింటిలోనూ పోసేది సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన మందే. ఎంత పోయాలో చెప్పేవారు మాత్రం వేరు.

కోటలో సిపాయికి మందునూ గుండునూ ఒకే కాగితపు పొట్లంలో చుట్టి ఇచ్చేవారు. పొట్లం కొస పళ్ళతో కొరికి, గొట్టంలో పోసి దట్టించడమే అతని పని. 1806 జూలై 10న వేలూరు సిపాయిలు తిరగబడినప్పుడు, కోటగోడపై చిక్కుకున్న ఇంగ్లీషు సైనికుల వద్ద ఆ పొట్లాలు నిండుకున్నాయి. ఆర్కాటు నుంచి గిలెస్పీ వచ్చేసరికి వారికి మిగిలినవి బాయొనెట్లే. కొలిచి కట్టిన పొట్లం విలువ ఆనాడు వారికి బాగా తెలిసివచ్చింది.

మరి అడవిపందుల నుంచి పంటను కాచుకునే రైతుకు ఆ పొట్లం ఎవరు కట్టిస్తారు? అతనికి చేతి అలవాటే కొలత. తండ్రి పోసినంత కొడుకు పోస్తాడు. మందు చెమ్మగిల్లితే మరికాస్త పోస్తాడు. తుపాకి పగిలితే పోయేది అతని కన్నూ, అతని చెయ్యీ.

ఈ కొలతను శాస్త్రం చేసిన మనిషి మన తీరంలోనే కన్నుమూశాడు. ఆయన పేరు బెంజమిన్ రాబిన్స్. 1742లో వెలువడిన తన గ్రంథంలో ఆయన ఒక ఉపాయం చెప్పాడు. బరువైన దిమ్మెను లోలకంలా వేలాడదీసి, దానిలోకి గుండు పేల్చి, అది ఎంత దూరం ఊగిందో చూసి గుండు వేగం లెక్కకట్టాడు. తరువాత కంపెనీ కోటలను పటిష్ఠం చేయడానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో మరణించాడు. ఆయన దారిలోనే ఛార్లెస్ హట్టన్ ఇంగ్లండులో పరీక్షలు సాగించాడు. మందు నాలుగింతలు పోస్తే వేగం నాలుగింతలు కాదు, సుమారు రెండింతలే అవుతుందని తేల్చాడు. ‘మరికాస్త’ పోసేవారు వినవలసిన మాట ఇది.

పందొమ్మిదో శతాబ్దంలో వెనుకనుంచి తూటా పెట్టే తుపాకులు వచ్చాయి. పన్నెండు బోరు అంటే, ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే, ఒక్క గుండు పట్టే గొట్టమన్నమాట. పేల్చిన తూటా గుల్లను మళ్ళీ నింపుకోవచ్చు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియేయ్ పొగలేని మందు కనిపెట్టాడు. దాని బలం చాలా ఎక్కువ. పాత మందును కొలిచిన గిన్నెతోనే దీన్నీ కొలిచి పోస్తే గొట్టం చీలిపోతుంది. కొన్ని తూటాల పెట్టెలపై ‘మూడు డ్రాములు’ అని ఉంటుంది. అంటే లోపల అంత బరువు మందు ఉందని కాదు. మూడు డ్రాముల పాత మందు ఇచ్చే వేగంతో సమానమని మాత్రమే. ఆ తేడా తెలియనివారికి ఆ అంకె ప్రాణాంతకం.

అందుకే నమ్మదగిన అంకె పరీక్షశాలలోనే పుడుతుంది. 1860ల నాటికి ఆండ్రూ నోబుల్ వంటివారు గొట్టంలో చిన్న రాగి ముక్క అమర్చి, పేలుడుకు అది ఎంత నలిగిందో చూసి లోపలి ఒత్తిడి కొలవసాగారు. ఇళ్ళలో తూటాలు నింపుకునే అలవాటున్న అమెరికా వంటి దేశాల్లో, మందు తయారుచేసే కంపెనీలే పరీక్షించిన పట్టికలు అచ్చువేస్తాయి. ఆ పట్టికలో ఒక్కొక్క వరుస ఒక్కొక్క ఒప్పందం లాంటిది. ఫలానా మందు, ఫలానా గుల్ల, ఫలానా ప్రైమరు, ఫలానా అట్టబిళ్ళ, ఇంత సీసం. ఒకటి మార్చినా ఆ అంకె ఇక చెల్లదు.

గుడియాత్తం అగ్గిపెట్టెలకు పేరు పొందిన ఊరు. అగ్గిపుల్ల తలలోని పొటాషియం క్లోరేటు కలిసిన మందు కూడా మండేదే కదా అని తుపాకిలో వాడబోతే, రాపిడికే పేలి చేతులు తీస్తుంది. మండేదల్లా తుపాకి మందు కాదు.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి. పంటకాపలాకు మూతినుంచి దట్టించే తుపాకిని ఉంచుకోవడానికీ ఆ చట్టం లైసెన్సు ఇస్తుంది. మీ ఇంట్లో అలాంటి తుపాకి ఉంటే ఒక్కమాట గుర్తుంచుకోండి. ఎవరి నోటనో విన్న కొలతను నమ్మకండి. ఆ మందును, ఆ గొట్టాన్ని పరీక్షించి చెప్పినవారి కొలతే కొలత. ఆ పరీక్ష మీ భుజం మీద జరగకూడదు.