రక్తం పలుచబడటం

రక్తం గడ్డకట్టే శక్తి తగ్గి, రక్తస్రావం ఓ పట్టాన ఆగని స్థితిని వాడుకలో రక్తం పలుచబడటం అంటారు. రక్తం చిక్కదనంతో దీనికి సంబంధం లేదు. హిమోగ్లోబిన్ తగ్గడం వల్ల వచ్చే రక్తహీనత కూడా వేరు. రక్తం గడ్డకట్టడానికి ప్లేట్‌లెట్లు, ప్లాస్మాలో ఉండే కారకాలనే ప్రోటీన్లు కావాలి. ఇవి తగ్గినా, సరిగా పనిచేయకపోయినా ఈ స్థితి ఏర్పడుతుంది.

ప్లేట్‌లెట్ల లోపం

మైక్రోలీటరు రక్తంలో సాధారణంగా 1.5 లక్షల నుంచి 4.5 లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. ఎముక మజ్జలో పుట్టే ఈ కణాల ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. ఇవి తగ్గడానికి కారణాలు మూడు రకాలు.

ఉత్పత్తి తగ్గడం: విటమిన్ బి12, ఫోలిక్ ఆమ్లాల కొరత, లుకేమియా, కీమోథెరపీ, అతిగా మద్యం తాగడం ఇందుకు దారితీస్తాయి. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లే ఔషధ సంస్థ ప్రయోగశాల పరిశోధకులకు నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలలోనే రూపొందింది. ప్లేట్‌లెట్లు తగ్గడం ఈ మందు దుష్ఫలితాల్లో ఒకటి.

నాశనం పెరగడం: రోగనిరోధక వ్యవస్థ సొంత ప్లేట్‌లెట్లపైనే దాడిచేసే ఐటీపీ, మలేరియా, హెపారిన్ వంటి మందులు ఇందుకు కారణం.

ప్లీహంలో చిక్కుకోవడం: లివర్ సిరోసిస్‌లో ప్లీహం ఉబ్బి, ఎక్కువ ప్లేట్‌లెట్లను తనలో ఉంచేసుకుంటుంది.

డెంగీలో ఉత్పత్తి తగ్గుతుంది, నాశనమూ పెరుగుతుంది. అయితే జ్వరం తగ్గే దశలో ప్రాణాపాయం ప్రధానంగా రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారడం వల్ల వస్తుంది. అప్పుడు ప్లేట్‌లెట్లు పడిపోతున్నా రక్తం చిక్కబడుతుంది. అందుకే వైద్యులు హెమటోక్రిట్‌ను (రక్తంలో ఎర్రకణాల శాతాన్ని) కూడా గమనిస్తారు. డెంగీ జ్వరానికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడకూడదు.

కారకాల లోపం

ఎనిమిదో కారకం లోపిస్తే హీమోఫిలియా ఎ, తొమ్మిదోది లోపిస్తే హీమోఫిలియా బి వస్తాయి. వంశపారంపర్యమైన ఈ వ్యాధులు ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తాయి. కారకాల్లో చాలావరకు కాలేయంలో తయారవుతాయి కాబట్టి కాలేయ వ్యాధుల్లోనూ లోపం ఏర్పడుతుంది. 2, 7, 9, 10 కారకాలకు విటమిన్ కె అవసరం. నవజాత శిశువుల్లో అది తక్కువగా ఉండటంతో పుట్టగానే ఇంజెక్షన్‌గా ఇస్తారు.

మందుల ప్రభావం

గుండెపోటు, పక్షవాతం రాకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ప్లేట్‌లెట్ల సంఖ్యను కాక పనిని తగ్గిస్తాయి. కొత్త ప్లేట్‌లెట్లు పుట్టేవరకు ఆ ప్రభావం ఉంటుంది. వార్ఫరిన్ విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది. దీన్ని వాడేవారు ఆకుకూరలు మానక్కర్లేదు, తినే మోతాదు ఒకేలా ఉంటే చాలు. మందు మోతాదు సరిచూడటానికి, రక్తం గడ్డకట్టే వేగాన్ని తెలిపే ఐఎన్‌ఆర్ పరీక్ష చేస్తారు.

లక్షణాలు, నిర్ధారణ

ప్లేట్‌లెట్లు తగ్గితే చర్మంపై సన్నని ఎర్రచుక్కలు, చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కనిపిస్తాయి. కీళ్లలో, కండరాల్లో రక్తస్రావం కారకాల లోపానికి గుర్తు. నమూనా గొట్టంలోని ఈడీటీఏ రసాయనం వల్ల ప్లేట్‌లెట్లు ముద్దకట్టి, యంత్రం తక్కువ సంఖ్య చూపించవచ్చు. అనుమానం ఉంటే రక్తపు పూతను మైక్రోస్కోపు కింద చూసి నిర్ధారిస్తారు.