నీళ్లు మోసినట్టు

నేనూ నా స్నేహితుడూ కలిసి సెకండ్ హ్యాండ్‌లో ఒక ప్లాస్టిక్ కయాక్ కొన్నాం. వైజాగ్‌లో మా అపార్ట్‌మెంట్ డాబా మీద రెండు సిమెంట్ దిమ్మెలు పెట్టి, దాన్ని వాటి మీద పడుకోబెట్టి, గాలికి కదలకుండా తాడుతో గట్టిగా బిగించాం. వేసవంతా అటు వెళ్లలేదు. జూన్‌లో తిప్పి చూస్తే అడుగున రెండు సొట్టలు, సరిగ్గా దిమ్మెలు ఉన్నచోట. నీళ్లలో వేస్తే తిన్నగా పోదు.

“వాడకుండానే పాడు చేశాం కదరా,” అన్నాడు వాడు.

నీళ్లలో ఉన్న పడవని నీరు అడుగంతా పట్టుకుని మోస్తుంది. ఒడ్డుకి తెచ్చామా, ఆ బరువంతా రెండు మూడు చోట్లే పడుతుంది. ఎండకి మెత్తబడిన ప్లాస్టిక్ అక్కడే లోపలికి పోతుంది. ఇదంతా చదువుతుంటే ఒక పెద్ద ఓడ కథ దొరికింది. అప్పుడు నా సిగ్గు కాస్త తగ్గింది.

ఆ ఓడ పేరు విక్టరీ. 1765లో నీళ్లలోకి దిగింది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ చనిపోయింది దీని మీదే. ముసలిదైపోయి నీళ్లు కారుతుంటే, 1922లో పోర్ట్స్‌మత్‌లో ఒక డ్రై డాక్‌లోకి చేర్చారు. ఇక భద్రం అనుకున్నారు. 22 ఉక్కు ఊతాల మీద నిలబెట్టారు. ఊతం ఉన్నచోట చెక్క నలిగింది, లేనిచోట కుంగింది. ఏడాదికి సుమారు అర సెంటీమీటరు చొప్పున ఓడ కదిలిపోతోందని తర్వాతెప్పుడో కొలిచి తెలుసుకున్నారు. 2011లో బరువు తగ్గించడానికి పై తెరచాప కొయ్యలు దింపేశారు.

చివరికి ఓడ మొత్తాన్ని లేజర్‌తో స్కాన్ చేసి, ఎక్కడ ఎంత బరువు పడుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టారు. పాత ఊతాల స్థానంలో 134 ఉక్కు ఊతాలు పెట్టారు. ఏ ఊతం మీద ఎంత బరువుందో చూసి సర్దుకోవచ్చు. తేలుతున్నప్పుడు నీరు మోసినట్టుగా నేల మీద మోయించాలన్నదే వాళ్ల ఆలోచన.

అంత పేరున్న ఓడకే ఆ లెక్క అందడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. యుద్ధాన్ని తట్టుకున్న ఓడ, జాగ్రత్తగా దాచిపెట్టిన చోట కుంగింది. దాచడమంటే ఒకచోట పెట్టేసి మరిచిపోవడం కాదని నాకు అప్పుడే అర్థమైంది.

కయాక్ అన్న మాట ఆర్కిటిక్ ఇనూయిట్‌లది. కొట్టుకొచ్చిన కర్రలతో చట్రం కట్టి, దానికి సీల్ తోలు తొడిగేవాళ్లు. వేట అయ్యాక నేల మీద వదిలేయకుండా ఎత్తైన మంచెల మీద పెట్టేవాళ్లు. లేకపోతే కుక్కలు తోలు తినేస్తాయి. రోజూ దానితోనే బతికేవాళ్లకి, దాన్ని ఎలా పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

మా కయాక్‌ని ఇప్పుడు నీడలో, పక్కకి ఒత్తిగిలించి, వెడల్పాటి పట్టీల మీద ఉంచుతున్నాం. కారు మీద కట్టినా తాడు కదలకుండా ఉండేంత వరకే బిగిస్తాం. ఒక సొట్ట దానంతటదే కొంచెం పైకి తేలింది. రెండోది అలాగే ఉంది.