పాత రోడ్ సైకిల్ కొనేవారికి: ఫ్రేము కొలత తెలుసుకొనే విధానం

వాడిన సైకిల్‌కు టైర్లు, గొలుసు, బ్రేకు తీగలు, సీటు మార్చుకోవచ్చు. ఫ్రేము మార్చడమంటే మరొక సైకిల్ కొనడమే. అందుచేత కిందికి వంగిన హ్యాండిల్ గల రోడ్ సైకిల్‌ను పాతది కొనదలచినవారు ధర అడగడానికి ముందే ఫ్రేము కొలత చూడాలి. కొలత కుదరని సైకిల్ ఎంత చౌకగా లభించినా మోకాళ్ల నొప్పికీ, నడుము నొప్పికీ, అరచేతుల తిమ్మిరికీ కారణమవుతుంది.

కొలత దేనిది?

పిల్లల సైకిళ్లకు చెప్పే 20, 24 అంగుళాలు చక్రానివి. రోడ్ సైకిళ్లలో దాదాపు అన్ని సైజులకూ 700సి అనే ఒకే చక్రం ఉంటుంది. కనుక చక్రాన్ని చూసి సైకిల్ ఎవరికి సరిపోతుందో చెప్పలేము. ఇక్కడ చెప్పే 52, 54, 56 వంటి అంకెలు ఫ్రేముకు సంబంధించిన సెంటీమీటర్లు. పెడళ్ల ఇరుసు మధ్య నుండి సీటు గొట్టం పైకొస వరకు గల పొడవు అది. కొందరు తయారీదారులు పై గొట్టం మధ్య వరకే కొలుస్తారు. అందువల్ల అతికించిన అంకెను నమ్మక, టేపుతో స్వయంగా కొలవడం మేలు.

కాలి కొలత

చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి నిలబడాలి. గట్టి అట్ట గల పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకి గట్టిగా నొక్కి, దాని పై అంచు వద్ద గోడపై గీత పెట్టాలి. నేల నుండి గీత వరకు గల ఎత్తును 0.65తోనూ, 0.67తోనూ గుణిస్తే ఫ్రేము కొలత ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 80 సెం.మీ. వస్తే 52 నుండి 54 వరకు గల ఫ్రేము చూడవచ్చు.

ఈ లెక్క పై గొట్టం నేలకు సమాంతరంగా ఉన్న ఫ్రేములకు వర్తిస్తుంది. పై గొట్టం వెనుకకు వాలి ఉన్న ఫ్రేములలో సీటు గొట్టం పొట్టిగా ఉంటుంది. అటువంటప్పుడు ముందు గొట్టం పైభాగం నుండి సీటు కడ్డీ వరకు టేపును నేలకు సమాంతరంగా పట్టి, ఆ పొడవును సరిపోయే మరొక సైకిల్‌తో పోల్చాలి.

ఎక్కి చూడడం

పై గొట్టానికి ఇరువైపులా కాళ్లు పెట్టి నిలబడినప్పుడు 2 నుండి 5 సెం.మీ. ఖాళీ ఉండాలి. సీటుపై కూర్చొని మడమను అట్టడుగున ఉన్న పెడల్‌పై ఉంచితే కాలు తిన్నగా చాగాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. చేతులు బ్రేకు పిడులను అందుకొన్నప్పుడు మోచేతులు బిగుసుకుపోకూడదు.

పాతదానిలో దాగిన చిక్కులు

సీటు కడ్డీ ఏళ్ల తరబడి కదలక లోపల పట్టుకుపోయి ఉండవచ్చు. బేరానికి ముందే దానిని వదులు చేయించి పైకీ కిందికీ కదిపి చూడాలి. కడ్డీపై గల హద్దు గీత బయటపడేంత పైకి లాగవలసి వస్తే ఆ ఫ్రేము చిన్నది. అలా తొక్కితే కడ్డీ విరగవచ్చు, ఫ్రేము పగలవచ్చు. అలాగే మునుపటి యజమాని ముందు ఫోర్కు గొట్టాన్ని తన ఎత్తుకు కోయించి ఉంటే, హ్యాండిల్‌ను తరువాత పైకి లేపే అవకాశం అంతంతమాత్రమే.

రెండు కొలతల మధ్య ఉన్నవారు

సాధారణంగా చిన్నదే మేలు. సీటును కొంత లేపుకోవచ్చు, హ్యాండిల్‌ను పట్టే స్టెమ్‌ను కొంత పొడవైనది వేసుకోవచ్చు. పెద్ద ఫ్రేమును కుదించే మార్గం లేదు.

ఎదిగే పిల్లలకు బట్టలు వదులుగా కుట్టించినట్లు సైకిల్‌ను పెద్దది కొనరాదు. రోడ్డుపై హఠాత్తుగా ఆగవలసి వచ్చినప్పుడు కాలు నేలకు ఆనాలి, వేళ్లకు బ్రేకు అందాలి. ఆ అవసరం పిల్లవాడు ఎదిగే వరకు ఆగదు. ఈనాటి కాలి కొలతకు సరిపడే పాత సైకిల్ కొని, ఎదిగిన తరువాత దానిని అమ్మి మరొకటి తీసుకోవడమే క్షేమం.