ఇంటి నెట్‌వర్క్‌లో డీఎన్‌ఎస్ చిక్కులు: కారణం పట్టే పద్ధతుల చరిత్ర

వై-ఫై గుర్తు నిండుగా ఉంటుంది, రౌటర్ దీపాలు పచ్చగా వెలుగుతుంటాయి, అయినా బ్రౌజర్ సైటు దొరకలేదంటుంది. ఇలాంటప్పుడు చాలాసార్లు లోపం డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ నేమ్ సిస్టమ్‌లో ఉంటుంది. మనం టైప్ చేసిన పేరుకు ఐపీ చిరునామా ఏదో వెతికి చెప్పేది ఈ వ్యవస్థే. 1983లో పుట్టినప్పటి నుంచి దాని మూల సూత్రాలు పెద్దగా మారలేదు. మారిందల్లా ఇంటికీ ఆ వ్యవస్థకూ మధ్య నిలబడి జవాబు చెప్పేవాళ్ల సంఖ్య. అందుకే ఈ చిక్కు విప్పడానికి కూర్చున్నవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది ఒకటే: ఈ జవాబు ఎవరిచ్చారు?

ఒకే ఫైలు ఉన్న కాలం

ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ రోజుల్లో యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్‌లర్ నడిపిన సమాచార కేంద్రం దాన్ని చూసుకునేది. కొత్త యంత్రం పెట్టినవారు ఆ కేంద్రానికి తెలియజేయాలి, మిగతావారు ఎప్పటికప్పుడు ఫైలును దింపుకోవాలి. పేరు దొరకలేదంటే ఆ ఫైలులో లేనట్టు, లేదా మన దగ్గరున్న నకలు పాతబడినట్టు. ఆ ఫైలు వారసత్వం విండోస్, మ్యాక్, లినక్స్ యంత్రాల్లో ‘హోస్ట్స్’ పేరుతో నేటికీ మిగిలింది. మామూలుగా యంత్రం బయట ఎవరినీ అడగకముందే దాన్ని చూస్తుంది. ఏదో ప్రోగ్రామ్ అందులో చేర్చి వదిలేసిన ఒక్క వరుస చాలు, ఒక సైటు ఆ కంప్యూటర్‌లో తెరుచుకోకుండా ఆపడానికి. ఇంట్లో ఫోన్లన్నిటిలో వచ్చే సైటు ఒక్క ల్యాప్‌టాప్‌లోనే రాకపోతే అనుమానించదగ్గ వాటిలో ఈ ఫైలు ఒకటి.

మోకపెట్రిస్ రూపకల్పన

యంత్రాలు పెరిగేకొద్దీ ఒకే ఫైలు భారమైంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్ పోస్టెల్ ఈ పని అప్పగించగా, పాల్ మోకపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను రూపొందించాడు. 1983 నవంబర్‌లో దాన్ని వివరిస్తూ ఆర్‌ఎఫ్‌సీ 882, 883 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాలు వెలువడ్డాయి. 1987లో వాటి స్థానంలో వచ్చిన 1034, 1035 నేటికీ పునాది పత్రాలు. ఎవరి పేర్ల బాధ్యత వారిది. మూల సర్వర్ నుంచి డాట్‌కామ్‌కూ, అక్కడి నుంచి ఆ పేరు సొంతదారు సర్వర్‌కూ ప్రశ్న మెట్టు మెట్టుగా వెళ్తుంది.

ప్రతిసారీ ఇంత దూరం తిరగకుండా, వచ్చిన జవాబును కొంతసేపు దాచుకునే ఏర్పాటు చేశారు. ఎంతసేపు దాచవచ్చో జవాబులోనే సెకన్లలో ఉంటుంది. 3600 అంటే గంట. సైటును కొత్త సర్వర్‌కు మార్చిన రోజున కొందరికి పాతది, కొందరికి కొత్తది కనిపించడానికి కారణం ఇదే. ‘ఆ పేరు లేదు’ అనే జవాబును కూడా దాచుకోవాలని 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2308 స్పష్టం చేసింది. కొత్తగా పేరు కొన్నవారు వివరాలు నమోదు కాకముందే ఆత్రంగా సైటు తెరిచి చూస్తే, ఆ ‘లేదు’ వాళ్లు అడిగే డీఎన్‌ఎస్ సర్వర్‌లో నిలిచిపోతుంది. నమోదు పూర్తయి ఊరందరికీ సైటు కనిపిస్తున్నా వాళ్లకు మాత్రం కాసేపు కనిపించదు. విండోస్‌లో ‘ఐపీకాన్ఫిగ్’కు ‘ఫ్లష్‌డీఎన్‌ఎస్’ జోడించి ఇచ్చే ఆదేశం ఆ కంప్యూటర్ దాచుకున్నదాన్నే చెరుపుతుంది. రౌటర్‌లోనో, ఇంటర్నెట్ కంపెనీ సర్వర్‌లోనో ఉన్నది అలాగే ఉంటుంది. ‘అన్నీ చెరిపేశాను, అయినా రావడం లేదు’ అనేవారిలో చాలామంది చెరిపింది ఈ ఒక్క అంచెనే.

రౌటర్ మధ్యలోకి వచ్చాక

తొలినాటి డయలప్ కనెక్షన్లలో డీఎన్‌ఎస్ సర్వర్ల నంబర్లను చేత్తో టైప్ చేసుకోవలసి వచ్చేది. ఒక్క అంకె తప్పినా కనెక్షన్ ఉండేది, సైట్లు ఉండేవి కావు. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ తెరిచింది. ఆ తర్వాతి పదేళ్లలో బ్రాడ్‌బ్యాండ్ ఇళ్లకు చేరింది. దానితోపాటే వచ్చిన రౌటర్ డీహెచ్‌సీపీ పద్ధతిలో ఇంట్లోని ప్రతి పరికరానికీ చిరునామా పంచుతూ, డీఎన్‌ఎస్ సర్వర్‌గా తన నంబరే ఇవ్వడం మొదలుపెట్టింది. చాలా ఇళ్లలో అది 192.168.1.1. బయటి పేర్ల గురించి రౌటర్‌కు సొంతంగా తెలిసిందేమీ లేదు. ప్రశ్న తీసుకుని పైకి పంపి, వచ్చిన జవాబు అందిస్తుంది. ఈ మధ్యవర్తిత్వమే ఇంటి చిక్కుల్లో పెద్ద భాగానికి మూలం.

డీఎన్‌ఎస్ మామూలుగా వాడే యూడీపీ రవాణా పద్ధతిలో జవాబు 512 బైట్లు మించకూడదన్నది తొలినాటి నియమం. 1999లో ఈడీఎన్‌ఎస్ అనే విస్తరణ ఆ హద్దు పెంచింది. జవాబు అసలైనదేనని రుజువు చేసే డిజిటల్ సంతకాలను జోడిస్తే ఆ పెద్ద పరిమాణం అవసరం. అయితే చవక రౌటర్ల సాఫ్ట్‌వేర్ పాత హద్దు దగ్గరే ఆగిపోయింది. బ్రిటన్ డొమైన్ల సంస్థ నామినెట్ భాగస్వామిగా 2008లో 24 ఇంటి రౌటర్లు, ఫైర్‌వాల్‌లను పరీక్షించారు. పెట్టెలోంచి తీసి పెట్టినవి పెట్టినట్టు సంతకాల జవాబులతో పూర్తిగా సరిపడినవి ఆరే. 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5625 రౌటర్ తయారీదారులకు మార్గదర్శకాలు ఇచ్చింది: అర్థం కానిదాన్ని పారేయవద్దు, ఉన్నదున్నట్టు అందించమని దాని సారం. చాలా సైట్లు వస్తూ కొన్ని మాత్రమే ఎప్పుడూ మొండికేసే ఇళ్లలో పాత రౌటర్‌ను అనుమానించడం అందుకే న్యాయం.

మన ఇళ్లలో కరెంటు పోయి వచ్చినప్పుడు బయటపడే లోపం మరొకటి ఉంది. చాలా రౌటర్లలో బ్యాటరీ గడియారం ఉండదు. తిరిగి లేచినప్పుడు పాత తేదీతో లేస్తాయి. సంతకాలకు గడువు తేదీలుంటాయి కాబట్టి, సంతకాలు సరిచూసే రౌటర్ సరైన జవాబును కూడా చెల్లదంటుంది. సమయం సరిదిద్దుకుందామంటే సమయ సర్వర్ పేరుకే చిరునామా కావాలి, అదీ దొరకదు. తేదీని సరిచేయడమో, గడియారం కుదురుకునేదాకా గడువు తనిఖీని ఆపడమో దీనికి విరుగుడు.

అబద్ధపు జవాబులు

2003 సెప్టెంబర్ 15న డాట్‌కామ్, డాట్‌నెట్‌లను నిర్వహించే వెరిసైన్ ఒక మార్పు చేసింది. లేని పేరును ఎవరు అడిగినా ‘లేదు’ అనకుండా తన వెతుకులాట పేజీ చిరునామా ఇవ్వసాగింది. ‘లేదు’ అనే మాటను నమ్ముకున్న ఈ-మెయిల్ వడపోతలు గందరగోళపడ్డాయి. డొమైన్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే సంస్థ ఐకాన్ గట్టిగా పట్టుబట్టడంతో అక్టోబర్ 4న ఆపేశారు. తర్వాత అనేక దేశాల్లో ఇంటర్నెట్ కంపెనీలు అదే పని తమ స్థాయిలో చేశాయి. లోపం వెతికేవారికి ‘లేదు’ అన్న నిజాయితీ గల జవాబు ఎంత విలువైనదో వ్యాపారం పట్టించుకోలేదు.

అంతకంటే ఘోరం డీఎన్‌ఎస్‌ఛేంజర్. ఈ దొంగ ప్రోగ్రామ్ కంప్యూటర్‌లోని, కొన్నిచోట్ల రౌటర్‌లోని డీఎన్‌ఎస్ నంబర్లను మార్చి ప్రశ్నలన్నీ నేరగాళ్ల సర్వర్లకు మళ్లించింది. తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్ మార్చని రౌటర్లు దానికి సులువుగా లొంగాయి. 2011 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ, ఎస్టోనియా పోలీసులు ఆ ముఠాను పట్టుకునేసరికి నూరుకుపైగా దేశాల్లో దాదాపు 40 లక్షల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. దొంగ సర్వర్లను ఒక్కసారిగా కట్టేస్తే బాధితులందరికీ ఇంటర్నెట్ పోయినట్టే. అందుకని కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి 2012 జూలై 9 దాకా నడిపారు. రౌటర్ పేజీలో డీఎన్‌ఎస్ నంబర్లు ఏమున్నాయో చూసుకోవడం అప్పటి నుంచి తనిఖీలో తప్పనిసరి భాగమైంది.

పోల్చి చూసే పద్ధతి

2006లో ఓపెన్‌డీఎన్‌ఎస్, 2009 డిసెంబర్‌లో గూగుల్ 8.8.8.8, 2017లో క్వాడ్9, 2018 ఏప్రిల్ 1న క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 అనే, ఎవరైనా వాడుకోగల బహిరంగ డీఎన్‌ఎస్ సర్వర్లు వచ్చాయి. వేగం కోసం వీటిని వాడేవారు ఎక్కువే. నా దృష్టిలో ఇవి ఇంటివారికి చేసిన అసలు మేలు పోల్చి చూసే వీలు. కంప్యూటర్‌లో ‘ఎన్‌ఎస్‌లుకప్’ అని రాసి పక్కన సైటు పేరు ఇస్తే, పై వరుసలో జవాబు చెబుతున్న సర్వర్ నంబరు కనిపిస్తుంది. ఇంట్లో అది 192.168.1.1 అనుకుందాం. కింద ‘గడువు మీరింది’ అన్న సందేశం వచ్చింది. అదే ఆదేశం చివర 8.8.8.8 చేర్చి మళ్లీ అడగాలి. ఇప్పుడు చిరునామా వస్తే తీగ బాగుంది, పేరు బాగుంది, లోపం రౌటర్‌లోనో, అది అడిగే పై సర్వర్‌లోనో ఉంది. రెండోసారీ గడువు మీరితే కనెక్షన్‌నే చూడాలి. ఇద్దరూ ‘లేదు’ అంటే పేరు తప్పు రాశామేమో చూసుకోవాలి. ‘సర్వ్‌ఫెయిల్’ అంటే సర్వర్ పలికింది గానీ జవాబు తేలేకపోయింది.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఆరు గంటలపాటు మాయమైనప్పుడు ఎవరిని అడిగినా వచ్చింది ఆ సర్వ్‌ఫెయిలే. ఫేస్‌బుక్ డీఎన్‌ఎస్ సర్వర్లకు వెళ్లే దారులే ఇంటర్నెట్ నుంచి తొలగిపోయాయి. లోపం తమ 1.1.1.1లో ఉందేమోనని క్లౌడ్‌ఫ్లేర్ ఇంజనీర్లు సైతం మొదట అనుమానించారు.

గుప్త మార్గాలు

2016లో ఆర్‌ఎఫ్‌సీ 7858, 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8484 డీఎన్‌ఎస్ ప్రశ్నలను గుప్తీకరించే మార్గాలు చూపాయి. ఆండ్రాయిడ్ 9లో ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ వచ్చింది. ఫైర్‌ఫాక్స్ 2020లో అమెరికా వాడకందారులకు గుప్త మార్గాన్ని తనంతట తానే పెట్టసాగింది. గోప్యతకు ఇది నిజమైన లాభం. తనిఖీ మాత్రం కష్టమైంది: ఒకే ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ ఒక సర్వర్‌ను, మిగతా ప్రోగ్రాములు మరో సర్వర్‌ను అడుగుతుండవచ్చు. బ్రౌజర్‌లో రాని పేరుకు ఎన్‌ఎస్‌లుకప్‌లో చక్కటి జవాబు రావచ్చు. ఇంటి ప్రింటర్‌కు రౌటర్‌లో పెట్టుకున్న పేరు బయటి సర్వర్‌కు తెలియదు. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ పేరు ఒక్క అక్షరం తప్పితే వై-ఫై, మొబైల్ డేటా రెండింటిలోనూ సైట్లు ఆగిపోతాయి, రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం ఉండదు.

రౌటర్ ఇచ్చిన సర్వర్‌కు గుప్త మార్గం ఉందేమో ఆ సర్వర్‌నే అడిగి తెలుసుకునే పద్ధతిని 2023 నవంబర్‌లో ఆర్‌ఎఫ్‌సీ 9462 ప్రమాణంగా చేసింది. అయితే ఆ మార్గాన్ని నమ్మే ముందు పరికరం తనకు తెలిసిన సర్వర్ చిరునామాకు ధ్రువపత్రం ఉందేమో చూస్తుంది; 192.168.1.1 లాంటి ఇంటి చిరునామాలకు బయట చెల్లే ధ్రువపత్రం దొరకదు. కాబట్టి మధ్యలో నిలబడి ప్రశ్నలు అందించే మామూలు రౌటర్ వెనక, ఇంటర్నెట్ కంపెనీ సర్వర్‌లో గుప్త మార్గం ఉన్నా, ఈ పద్ధతిలో పరికరాలు దాన్ని అందుకోలేవు.